కంపెనీతో వచ్చిన బోల్టు

తూర్పుగట్టులో నిలబడితే సముద్రం కనిపించదు గానీ, దాని ఉప్పు మాత్రం ఇంటింటికీ వస్తుంది. కిటికీ ఊచలు, తలుపు గడియలు, సైకిలు గొలుసులు, బీరువా తాళాలు, దేన్నీ వదలదు. కొత్త మోటారు సైకిలు కొని, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఒకటి రెండు వానాకాలాలు తిప్పితే చాలు, దాని బోల్టులు ముట్టుకుంటే రాలిపోయే స్థితికి వస్తాయి. స్పానర్ పెడితే తల ఊడి చేతిలోకి వస్తుంది. అందుకని ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. బండి కొన్న వారంలోపే దాన్ని మెకానిక్ సుభానీ దగ్గరికి తోలుకుపోయి, కంపెనీ బోల్టులన్నీ పీకించి, పడవలు కట్టేవాళ్ళు వాడే స్టీలు బోల్టులు బిగిస్తారు. వాటికి ఉప్పుగాలి అన్నా, ముసురు అన్నా లెక్కలేదు. పీకిన కంపెనీ బోల్టుల్ని సుభానీ తన కొట్టు వెనక గోతిలో పారబోస్తాడు.

ఇది నేరమని ఊళ్ళో ఎవరికీ తెలియదు. అప్పటికింకా అది నేరం కాలేదు మరి.

ఎక్కడో రాజధానిలో వాహన భద్రత మీద సదస్సు జరిగింది. అందులో ఒక పెద్దమనిషి, టీ విరామానికి ముందు ఇంకేం మాట్లాడాలో తోచక, "వాహనం కంపెనీ నుంచి ఎలా వచ్చిందో ఎప్పటికీ అలాగే ఉండాలి" అన్నాడట. తర్వాత టీ ఉంది కాబట్టి అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. టీ తాగి వచ్చేసరికి ఆ మాట సిద్ధాంతమైంది. భోజనాల వేళకి విధానమైంది. సాయంత్రానికి దానికి 'మూలరూప పరిరక్షణ విభాగం' అని ఒక కొత్త శాఖే పుట్టింది. ముందు ఏదో ఒక ఊళ్ళో ప్రయోగాత్మకంగా అమలు చేద్దామని పటం మీద వేలు పెడితే తూర్పుగట్టు తగిలింది.

విభాగానికి ఊళ్ళో మూతపడ్డ చేపల గిడ్డంగి ఇచ్చారు. సంచాలకులుగా పద్మనాభరావు గారు వచ్చారు. ఆయన మంచివాడు. లంచం ముట్టడు, ఎవర్నీ కసురుకోడు, రూలు చదువుతుంటే ఆయన కళ్ళు చెమరుస్తాయి. లంచగొండి అయితే ఎక్కడో ఒకచోట కడుపు నిండి ఆగుతాడు. ఈయన ఆగే మనిషి కాదు. వచ్చిన మర్నాడే తనిఖీ అధికారులందరికీ తలొక అయస్కాంతం, దానికి కట్టుకోవడానికి తాడు ఇప్పించారు. కంపెనీ బోల్టుకి అయస్కాంతం అంటుకుంటుంది, పడవల స్టీలుకి అంటుకోదు. కాబట్టి అంటుకుంటే ధర్మం, అంటుకోకపోతే అధర్మం అని తేల్చారు.

అలా మొట్టమొదట అధర్మంలో పట్టుబడ్డవాడు కుడుపూడి నాగభూషణం.

నాగభూషణం పాలకేంద్రం తరఫున గేదెలకి ఎద సూది వేస్తాడు, అంటే దున్నపోతు లేకుండానే చూడి కట్టిస్తాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ గేదె ఎదకొచ్చినా ఇంటివాళ్ళు ముందు అతనికే ఫోను చేస్తారు. అతను బండి వెనక నైట్రోజన్ క్యాన్ కట్టుకుని, పొగలు కక్కుకుంటూ బయల్దేరతాడు. ఆ క్యాన్‌లో గడ్డకట్టించిన ముర్రా జాతి దున్నల సరుకు సన్నటి గొట్టాల్లో ఉంటుంది. ఈ పనిలో చిక్కంతా వేళలోనే ఉంది. ఎద ఒక్కపూట తప్పిందంటే మళ్ళీ వచ్చేదాకా గేదె ఒట్టిపోయినట్టే, ఆ ఇంటికి పాడి వెనకబడ్డట్టే. అందుకే పాలకేంద్రంవాళ్ళు ముందే చెప్పారు, బండి ఉన్నంతకాలమే పల్లెలు నీవి, బండి ఆగితే ఇంకొకరికి ఇచ్చేస్తామని. ఆ పల్లెలు పోతే నాగభూషణానికి వేరే పని రాదు. అతనికి ఆ పని అంటే ప్రాణం కూడాను.

ఆ రోజు మేడిశెట్టి వరాలమ్మ దగ్గర్నుంచి పొద్దున్నే ఫోను వచ్చింది.

"ఏవయ్యా నాగభూషణం, మా గేదె తెల్లారగట్ల నుంచి ఒకటే అరుపు. దాని నోరు మూయలేక, నా సెవులు మూసుకోలేక సత్తన్నాను. బేగొచ్చెయ్యి."

"ఆయ్, వచ్చేత్తన్నానండి," అని నాగభూషణం బయల్దేరాడు. ఉప్పుటేరు వంతెన దగ్గర తనిఖీ అధికారి చిట్టిరాజు చెయ్యడ్డం పెట్టాడు. చిట్టిరాజు ఆ ఊరివాడే. ఇద్దరూ ఒకే బల్ల మీద చదువుకున్నారు. అయినా చిట్టిరాజు కొత్త యూనిఫారంలో కొత్త మనిషిలా నిలబడి, అయస్కాంతాన్ని బండి బోల్టుల మీద ఆడించాడు. అది హారతి పళ్ళెంలా బండి చుట్టూ తిరిగి వచ్చింది, ఒక్క బోల్టుకీ అంటుకోలేదు.

"మీ వాహనమునందు అన్యకీలకములు సంస్థాపితమై ఉన్నవి," అన్నాడు చిట్టిరాజు.

"ఏటండీ?"

చిట్టిరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీ బోల్టులు కంపెనీయి కావంటన్నానురా. డ్యూటీలో ఉన్నప్పుడు ఇలాగే మాటాడమన్నారు. ఏవనుకోకు." మళ్ళీ గొంతు పెంచి, "మూలరూపోల్లంఘన నేరము క్రింద వాహనమును స్వాధీనపరచుకొనుచున్నాము," అన్నాడు.

"వరాలమ్మ గారి గేదె ఎదకొచ్చిందిరా రాజూ."

"గేదెలకు మినహాయింపు లేదు," అన్నాడు చిట్టిరాజు పై గొంతుతో. కింది గొంతుతో, "పాపం, నడిసెల్లు, దగ్గరేగా," అన్నాడు.

దగ్గరేమీ కాదు. నాగభూషణం క్యాన్ భుజాన పెట్టుకుని ఎండలో నడిచి వెళ్ళేసరికి గేదె అరుపు మానేసి, తీరిగ్గా నెమరు వేస్తోంది. వరాలమ్మ అరుగు మీద కూర్చుని మొహం పక్కకి తిప్పుకుంది. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

మర్నాడు చేపల గిడ్డంగిలో పద్మనాభరావు గారి ఎదుట నిలబడ్డాడు. ఆయన ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఎంతో దయగా మాట్లాడారు.

"చూడండి నాగభూషణం గారూ, బోల్టు అనగా కేవలము ఇనుపముక్క కాదు. తయారీదారుని సంకల్పము. ఆ సంకల్పమును మీరు ఊడబీకి, మరియొకరి సంకల్పమును బిగించినారు."

"తుప్పట్టేత్తన్నాయండి ఆ సంకల్పాలు. బ్రేకులు ఊడిపోతన్నాయి."

"తుప్పు కూడ మూలరూపములో అంతర్భాగమే. తయారీదారుడు ఈ ఊరిలో ఉప్పుగాలి కలదని ఎరుగడా? ఎరిగియు స్టీలు బోల్టులు వేయలేదనిన, తుప్పు పట్టవలెననియే ఆయన ఉద్దేశము."

ఈ మాటకి జవాబు తోచేవాళ్ళు ఇంకా పుట్టలేదనుకుంటాను.

కంపెనీ బోల్టులు తెచ్చి బిగిస్తే బండి ఇస్తామన్నారు. పట్నం వెళ్ళి షోరూములో అడిగితే, ఆ మోడల్ ఆపేసి చాలా రోజులైందని, దాని బోల్టులు రావని, కావాలంటే కొత్త బండి కొనుక్కోమని చెప్పారు. అక్కడున్న అమ్మాయి మర్యాదగా మంచినీళ్ళు కూడా ఇచ్చింది. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి సుభానీ కొట్టు ముందు జాతరలా జనం ఉన్నారు. ఊళ్ళో సగం బండ్లు పట్టుబడ్డాయి మరి. సుభానీ కొట్టుకి కొత్త బోర్డు కట్టాడు: 'సుభానీ ప్రాచీన బోల్టుల నిలయం'. వెనక గోతిని మనుషుల్ని పెట్టి తవ్విస్తున్నాడు. నిన్నటిదాకా చెత్త అని పోసిన గోతిలోంచి ఒక్కొక్క బోల్టు తీసి, మెత్తటి గుడ్డలో పెట్టి, ముత్యాలు అమ్మినట్టు అమ్ముతున్నాడు.

"సుభానీ, నీ సేత్తో నువ్వే పీకావు కదరా నా బోల్టులు. అయ్యే ఇయ్యి," అన్నాడు నాగభూషణం.

"ఏవి ఎవరివో ఎలా సెప్పను బాబాయ్? అన్నీ కలిసిపోయినియ్యి. ఇది సూడు, ఎంత తుప్పుందో! చేర్మన్ గారు అడిగినా ఇవ్వలేదు. నీకోసం దాచాను."

నిజంగా బోల్టుకి ఎంత తుప్పుంటే అంత విలువ ఏర్పడింది. విభాగంవాళ్ళు తుప్పుని ప్రామాణికతకి చిహ్నంగా ప్రకటించాక ఊరి పద్ధతులే మారిపోయాయి. కొందరు స్టీలు బోల్టుల మీద ఇటుకపొడి పూసి చూశారు. అది కృత్రిమ తుప్పు అని పట్టుకుని, అసలు నేరానికి తోడు మోసం నేరం కూడా కట్టారు. తుప్పు రాలిపోకుండా బండ్లని దుప్పట్లు కప్పి తోలేవాళ్ళు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లాడి బండి చుట్టూ తిరిగి, తుప్పు చూసి, బుద్ధిమంతుడే అనుకునేవాళ్ళు. ఎవరి బండైనా తళతళా మెరిస్తే ఇరుగుపొరుగు తలుపులేసుకునేవాళ్ళు. స్పానర్లు మాత్రం విభాగంవాళ్ళ దగ్గరే ఉండేవి. వదులైన బోల్టు బిగించాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎందుకంటే వదులవడం కూడా బోల్టు సహజ ప్రవృత్తేనని, దాన్ని అడ్డుకోవడం మూలరూపంలో జోక్యమని పద్మనాభరావు గారు తేల్చారు.

నాగభూషణం గేదెల కోసం అన్నిటికీ ఒప్పుకున్నాడు. సుభానీ దగ్గర తుప్పు బోల్టులు కొన్నాడు, బిగింపించాడు, అయస్కాంతం అంటుకుంటుంటే చేతులు కట్టుకుని చూశాడు. చిట్టిరాజు బండి ముందు 'శుద్ధ మూలరూపం' అనే బిళ్ళ అతికించాడు. ఆ పూటే మూడు పల్లెల నుంచి ఫోన్లు వచ్చాయి. బండి అడుగడుక్కీ కిరకిరమంటోంది. అయినా మళ్ళీ రోడ్డెక్కినందుకు అతని మనసు తేలికపడింది.

కొద్ది రోజులకే కాలవ లాకుల దగ్గర ఒక మేక అడ్డం వచ్చింది. నాగభూషణం వెనక బ్రేకు తొక్కాడు. ఆ బ్రేకుని పట్టి ఉంచే బోల్టు చిటుక్కుమని తెగింది. తర్వాత అతనికి గుర్తున్నది ఆకాశం, కాలవ గట్టు, మళ్ళీ ఆకాశం. క్యాన్ మూత ఊడి తెల్లటి పొగ గుప్పుమని లేచేసరికి, సాయం చేద్దామని పరిగెత్తుకొచ్చినవాళ్ళు బాంబు అనుకుని వచ్చిన దారినే పరిగెత్తారు. మేక ఒక్కటే అక్కడ నిలబడి అతన్ని చూసింది. తొడ ఎముక విరిగింది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన భార్య అనసూయ ఏడుస్తోంది. అవతల పక్క పద్మనాభరావు గారు, చిట్టిరాజు నిలబడి ఉన్నారు. సంచాలకుల వారి చేతిలో తెగిన బోల్టు ఉంది. పట్టుగుడ్డ మీద పెట్టుకుని వచ్చారు.

"అభినందనలు నాగభూషణం గారూ," అన్నారు ఆయన. నిజంగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "పరీక్షించితిమి. ఇది తుదిశ్వాస వరకు మూలరూపముననే ఉన్నది. మీకు జరిగినది సాధారణ ప్రమాదము కాదు. శుద్ధ మూలరూప ప్రమాదము. మన విభాగ చరిత్రలో ఇదే మొదటిది."

అనసూయ కొంగు నోట్లోంచి తీసింది. "బ్రేకు తెగి మడిసి పోయేవాడండి బాబూ!"

"స్టీలు బోల్టు ఉండినచో తెగెడిది కాదు," అని పద్మనాభరావు గారు అంగీకరించారు. "అప్పుడు ఈ ప్రమాదము నివారింపబడి, మూలరూపము నశించి ఉండెడిది. తలచుకొనిననే ఒళ్ళు జలదరించుచున్నది తల్లీ."

బోల్టుకి గిడ్డంగిలో అద్దాల పెట్టె చేయించారు. దండ వేశారు. బడిపిల్లల్ని వరసగా తీసుకొచ్చి చూపించారు. నాగభూషణం మాత్రం మంచం మీద పడి, కన్ను మూస్తే గేదెల అరుపులే విన్నాడు. ఫోను మోగినప్పుడల్లా అనసూయ, "ఆయన లేవలేరండీ, ఇంకో రెండు నెలలు," అని చెప్పుకోలేక చెప్పుకొచ్చింది. పాలకేంద్రంవాళ్ళు పాపం మంచివాళ్ళే, ఎముక అతుక్కునేదాకా ఆగుతామన్నారు. అంతకుమించి ఒక్కరోజు కూడా ఆగలేమన్నారు.

ఎముక అతుక్కుంది. కుంటుతూనైనా నడిచాడు, బండి మీద కూర్చుంటే కూర్చోగలిగాడు. తీరా, ప్రమాదం తర్వాత పరీక్షకని విభాగంవాళ్ళు తీసుకుపోయిన బండి కోసం వెళ్తే చిట్టిరాజు నేల చూపులు చూశాడు.

"బండి బానే ఉందిరా. నీతోనే వచ్చింది సిక్కు," అన్నాడు. "డాట్రు నీ కాల్లో స్టీలు పలకేసి, స్క్రూలు బిగించాడంట కదా. ఆసుపత్రోళ్ళు మాకు కబురంపారు."

మళ్ళీ పద్మనాభరావు గారి ఎదుట నిలబడాల్సి వచ్చింది. ఈసారి ఆయనే కుర్చీ వేయించారు.

"చోదకుడు లేక వాహనము కదలదు గదా. కాబట్టి చోదకుడును వాహనములో ఒక భాగమే," అన్నారు ఆయన. "లైసెన్సు ఇచ్చునాటికి మీ తొడయందు లోహము లేదు. ఇప్పుడు ఉన్నది. ఈ స్క్రూలను బిగించినది ఎవరు?"

"డాట్రు గారండి."

"ఆయన మీ తయారీదారుడా?"

"కాదండి. మా అమ్మా నాన్నా అండి తయారీ. ఇద్దరూ పోయారండి."

"అనగా తయారీ నిలిపివేయబడినది," అని పద్మనాభరావు గారు విచారంగా తల ఊపారు. "అసలు ఎముక దొరకు అవకాశము లేదు. లైసెన్సు రద్దు చేయక తప్పదు నాగభూషణం గారూ. మీయందు నాకు వ్యక్తిగతముగ గౌరవము కలదు. మా బోల్టుకు మీరు చేసిన సేవ మరువరానిది."

నాగభూషణానికి ఏడుపు ముంచుకొచ్చింది. కాలు విరిగినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు. కుర్చీలోంచి లేచి, చేతులు జోడించి, "అయ్యా, నాకోసం కాదండి. నేనెళ్ళకపోతే ఈ చుట్టుపక్కల గేదెలు చూడి కట్టవండి," అన్నాడు.

"గేదెల చూడికిని మీ వాహనమునకును ఏమి సంబంధము?"

ఇన్నాళ్ళకి ఒక అధికారి తన పని గురించి అడిగాడు. నాగభూషణం పొంగిపోయాడు. ఏడుపు మరిచిపోయి, ఉత్సాహంగా మొదలుపెట్టాడు. ఊళ్ళో దున్నపోతులు లేవని, ఎద సూదులు వచ్చాక మేపడం దండగని అందరూ అమ్మేశారని చెప్పాడు. మంచి ముర్రా దున్నల సరుకు ఎక్కడో దూరంగా పెద్ద ఫారంలో తీసి, గడ్డకట్టించి, ఎన్నో ఊళ్ళు దాటించి పంపుతారని చెప్పాడు. ఊరి దున్నకి పుట్టిన దూడకంటే సూది దూడ పెద్దయితే ఎంత ఎక్కువ పాలిస్తుందో చేతులతో చూపించాడు. పద్మనాభరావు గారు మెల్లగా కళ్ళజోడు తీసేదాకా అతనికి అనుమానం రాలేదు.

"అనగా," అన్నారు ఆయన, "ఊరిలో సహజముగ లభించు దున్నపోతు స్థానమున, బయటి సరఫరాదారుని సరుకును, గొట్టము ద్వారా…"

"అవునండి," అన్నాడు నాగభూషణం. పెద్దలు వాక్యం మధ్యలో ఆపితే అవుననడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఎంతకాలముగ?"

"చాలా ఏళ్ళ నుంచండి."

"ఊరి దూడలన్నియు?"

నాగభూషణం నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. సంచాలకుల వారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, రోడ్డు మీద పోతున్న ఒక దూడ వైపు చాలాసేపు చూశారు. ఎన్ని బోల్టుల్ని పట్టుకున్నా ఆయన ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ కనిపించలేదు.

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. మూలరూపం కాని దూడల్ని గుర్తించి, స్వాధీనం చేసుకుని, మూలరూపం వచ్చేవరకు విభాగం ఆవరణలో కట్టేయాలి. అయితే దూడని చూసి సూది దూడో, దున్న దూడో చెప్పడం అయస్కాంతం వల్ల అయ్యే పని కాదు. చెప్పగలిగినవాడు చుట్టుపక్కల ఒక్కడే. అందువల్ల పద్మనాభరావు గారు నాగభూషణాన్ని పిలిపించి, బండి తాళం తన చేత్తోనే ఇచ్చారు. లైసెన్సు కూడా 'విభాగ ప్రయోజనార్థం' తిరిగి ఇచ్చారు.

"అక్రమ దూడలను చూపుచున్నంతకాలము బండి మీదే, ఉద్యోగమును మీదే," అన్నారు. "చూపుటకు దూడలు లేవని తేలిననాడు మీతో పని ఉండదు. బండియు ఉండదు. స్పష్టమేనా?"

స్పష్టంగానే ఉంది. రాత్రంతా అనసూయ పక్కన పడుకుని అటూ ఇటూ దొర్లాడు. ఆవిడే అంది, "బండొచ్చింది కదా, ఇంకా ఏడుపు మొహం ఏంటి?" అని. దూడల సంగతి చెబితే, "నువ్వేసిన సూదులేగా," అంది.

తెల్లారి చిట్టిరాజుని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. వెనకాల దూడల కోసం ఖాళీ లారీ వచ్చింది. మొదట వరాలమ్మ కొట్టం. ఆవిడ నాగభూషణాన్ని చూసి, పాత అలకంతా మరిచిపోయి ఎదురొచ్చింది.

"వచ్చావా నాయనా! కాలెలా ఉంది? ఇదుగో, పోయినేడు నువ్వేసిన సూదికి పుట్టింది. సూడు, ఎలా ఎగుర్తుందో!"

చిట్టిరాజు దగ్గి, పై గొంతు అందుకున్నాడు. "ఈ దూడ మూలరూపమేనా, లేక అన్యమూలకమా?"

నాగభూషణం దూడని చూశాడు. మెలి తిరుగుతున్న బుల్లి కొమ్ములు, నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, అచ్చమైన ముర్రా పోలిక. ఆ పోలిక అతను చీకట్లోనైనా పట్టగలడు. దూడ వచ్చి అతని చొక్కా అంచు నమలడం మొదలుపెట్టింది. ఇదొక్కటి చూపిస్తే చాలు, బండి తనదే. చూపిస్తే రేపు ఈ గడప ముందు బండి ఆపి ఏ మొహంతో పిలుస్తాడు?

"మూలరూపమేనండి," అన్నాడు. "ఊరి దున్నకి పుట్టింది."

వరాలమ్మ నోరు తెరిచింది. ఆవిడకి లోకంలో పడనిది అబద్ధమొక్కటే. నాగభూషణం ఆవిడ కళ్ళలోకి చూశాడు, ఆవిడ లారీ వైపు చూసింది.

"మరే," అంది ఆవిడ. "దున్నే. నా కళ్ళతో సూశాను."

"ఆ దున్నపోతు ఎచ్చట?"

"సచ్చిపోయింది బాబూ. మొన్ననే దినం కూడా చేశాం."

చిట్టిరాజు రాసుకున్నాడు. తర్వాతి కొట్టం, ఆ తర్వాతి కొట్టం, పల్లె తర్వాత పల్లె. ఎక్కడ ఆగినా నాగభూషణం 'మూలరూపమేనండి' అన్నాడు. మధ్యాహ్నానికి మాట ముందే పాకిపోయింది, వీళ్ళు దిగకముందే ఇళ్ళవాళ్ళు చచ్చిపోయిన దున్నని తలుచుకుని కళ్ళొత్తుకుంటున్నారు. చివర్న చిట్టిరాజు సొంత ఇంటి ముందు ఆగారు. కొట్టంలో వాళ్ళమ్మ పెంచుకుంటున్న ముర్రా దూడ గంతులేస్తోంది. దానికి సూది వేసిన రోజు చిట్టిరాజే గేదె తల పట్టుకున్నాడు.

"ఇదిరా?" అన్నాడు చిట్టిరాజు కింది గొంతుతో.

"మూలరూపమేరా."

చిట్టిరాజు అదీ రాసుకున్నాడు. లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. నాగభూషణం గిడ్డంగికి వెళ్ళి బండి నిలబెట్టి, తాళం బల్ల మీద పెట్టి, కుంటుకుంటూ నడిచి ఇంటికొచ్చాడు. ఇన్ని రోజుల్లో ఆ రాత్రే హాయిగా నిద్రపోయాడు.

పద్మనాభరావు గారు నిరాశపడే మనిషి కాదు. నాగభూషణం నోటితో చెప్పినదానికంటే చిట్టిరాజు రాసిన కాగితమే ప్రమాణమన్నారు. తూర్పుగట్టు పరిసరాల్లోని దూడలన్నీ నూటికి నూరుపాళ్ళు మూలరూపమని, ఇక్కడ ఎద సూది అనే దురాచారమే ఎన్నడూ లేదని గర్వంగా నివేదిక రాసి రాజధానికి పంపారు. విభాగానికి పురస్కారం వచ్చింది. నివేదిక నకలు పాలకేంద్రానికీ చేరింది. ఎన్నడూ లేని పనికి మనిషి ఎందుకని పాలకేంద్రంవాళ్ళు నాగభూషణం ఉద్యోగం తీసేశారు. తమకి చాలా బాధగా ఉందని, కానీ ప్రభుత్వ నివేదిక ప్రకారం అతను ఇన్నాళ్ళూ ఏ పనీ చేయలేదని చెప్పారు. బండి తిరిగొచ్చినప్పుడు నింపి ఇచ్చిన క్యాన్ మాత్రం వాళ్ళు వెనక్కి అడగలేదు. లేని పనికి క్యాన్ ఉందని రాసుకోవడానికి వీల్లేదు మరి.

ఆ మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది.

"ఏవయ్యా," అంది వరాలమ్మ. "గేదె మళ్ళీ మొదలెట్టింది. వత్తావా?"

"ఉద్యోగం తీసేశారండి. బండీ లేదు. కాగితాల్లో నేను లేనే లేనంట."

"నా గేదె కాగితాలు సదవదు. వత్తావా, రావా?"

నాగభూషణం మంచం కింద నుంచి క్యాన్ బయటికి లాగాడు. మూత ఎత్తితే ఇంకా పొగ వస్తోంది. దాన్ని భుజాన పెట్టుకుని, విరిగిన కాలు చూసుకుని, రెండో కాలు ముందుకి వేశాడు.

"వత్తన్నానండి. నడిసొచ్చేసరికి కాస్త పొద్దెక్కుద్ది. ఈలోగా గేదెని నీడలో కట్టండి."